యాట కార్జంలో నీటి బుడగలు: కుక్కకు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఐనవోలు దగ్గర పల్లె. మా మామయ్యకు నలభై దాకా జీవాలు, రెండు బర్రెలు ఉన్నాయి. దసరాకు ఇంట్లో ఒక ముసలి గొర్రెను కోస్తే కార్జంలో, ఊపిరితిత్తుల్లో నిమ్మకాయంత నీటి బుడగలు కనిపించాయి. ఆ భాగం కోసి కుక్కకు వేశారు. మిగతాది వండుకుని తిన్నాం. తర్వాత వారానికే మా ఆడపడుచు కడుపునొప్పితో వరంగల్ వెళ్లి స్కానింగ్ తీయించుకుంటే కార్జంలో హైడాటిడ్ సిస్ట్ అనే నీటి బుడగ ఉందన్నారు. ఇక్కడే పుట్టి పెరిగింది, పెళ్లయ్యాక కూడా పక్క వాడలోనే ఉంటుంది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆ మాంసం తిన్నందుకే వచ్చిందా? నా ఇద్దరు పిల్లలకూ వస్తుందా? ఆమె నుంచి మాకు అంటుకుంటుందా? మందలో మిగతా జీవాల సంగతేంటి? కుక్కను ఊరవతల వదిలేసి రమ్మంటున్నారు. పోయినేడు ఒక గొర్రె గిరగిరా తిరిగి పడి చచ్చిపోయింది, అది కూడా ఇదేనా? ఇంకో మాట, మా బర్రె ఈని మూడు వారాలైంది. దుడ్డె మట్టి రంగులో కంపు కొట్టేలా పారుతోంది. తల్లిపాలు మాన్పించమని చెబుతున్నారు. మాన్పించాలా?

సమాధానం: అమ్మా, ముందు మీ గుండె దడ తగ్గే మాట చెబుతాను. దసరాకు వండుకుని తిన్న మాంసంతో ఈ జబ్బు రాదు. ఆ బుడగలో ఉండే పురుగు పిల్ల కుక్క పేగులో పెరగడానికి పుట్టింది, మనిషి కడుపులో పడితే బతికి బట్టకట్టదు. మీ ఆడపడుచు నుంచి కూడా ఎవరికీ అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఆమె బట్టలు ఉతికినా భయం లేదు. మందలో ఒక గొర్రె నుంచి పక్క గొర్రెకూ పాకదు. పైగా ఆమె కార్జంలో ఉన్న బుడగ మొన్నటి దసరాది కానే కాదు. ఇవి ఏడాదికి ఒకటి నుంచి 5 సెంటీమీటర్ల చొప్పున, నొప్పి లేకుండా, చప్పుడు చేయకుండా పెరుగుతాయి. కడుపులో బరువు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. ఆమె పెరిగింది ఆ ఇంట్లో, ఆ మంద మధ్యలోనే కదా. మీరు కోడలిగా అడుగుపెట్టకముందే మొదలైన వ్యవహారం కావచ్చు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది. మీరు దాన్ని ప్రశ్నగా కూడా రాయలేదు, మామూలుగా రాసి ముందుకెళ్లిపోయారు. "ఆ భాగం కోసి కుక్కకు వేశారు." జబ్బు నడిచే దారంతా అందులోనే ఉంది.

దీనికి కారణం ఎకైనోకాకస్ అనే బద్దె పురుగు. బద్దె పురుగు అనగానే మూరల పొడవు ఊహించుకోకండి. ఇది 3 నుంచి 6 మిల్లీమీటర్లే ఉంటుంది, బియ్యపు గింజ కంటే చిన్నది. పెద్ద పురుగు ఉండేది కుక్క చిన్నపేగులో. వందలు, వేలు ఉన్నా కుక్క చిక్కిపోదు, వాంతి చేసుకోదు, తోక ఊపుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. దాని మలంతో కంటికి కనపడని గుడ్లు బయటపడతాయి. గడ్డి మీద, కుంట గట్టు మీద, పెరట్లో తోటకూర మడిలో, కుక్క బొచ్చులో కూడా చేరతాయి, ఎందుకంటే కుక్క తన వెనక భాగం నాక్కుని అదే నాలుకతో ఒళ్లంతా నాక్కుంటుంది. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో గుడ్డు పగులుతుంది. లోపలి పిల్ల పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడి మొదట కార్జంలో ఆగుతుంది, అక్కడ ఆగనిది ఊపిరితిత్తులకు పోతుంది. ఆగిన చోట బుడగ కట్టుకుంటుంది. అంతే, అక్కడి నుంచి అది కదలదు. గొర్రె చచ్చి, ఆ కార్జం పచ్చిగా ఇంకో కుక్క నోట్లో పడేదాకా దానికి ముందుకు దారి లేదు. 1850లలో ఫాన్ సీబోల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గొర్రె బుడగలను కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో ఈ చిన్న పురుగులు పెరగడం చూపించాడు. అప్పటిదాకా బుడగ వేరు, పురుగు వేరు అనుకునేవాళ్లు.

మనిషి ఈ కథలో దారి తప్పి దూరిన వాడు. కుక్కను నిమిరిన చేతితో ముద్ద కలిపినప్పుడు, సరిగా కడగని ఆకుకూర పచ్చిగా తిన్నప్పుడు, పిల్లలు మట్టిలో ఆడి వేళ్లు నోట్లో పెట్టుకున్నప్పుడు గుడ్డు లోపలికి పోతుంది. తర్వాత గొర్రె ఒంట్లో జరిగేదే మన ఒంట్లోనూ జరుగుతుంది. కాబట్టి మనకు ఇచ్చేది కుక్క, కుక్కకు ఇచ్చేది గొర్రె కార్జం, ఆ కార్జం విసిరేది మాత్రం మనమే.

ఈసారి యాటను కోసినప్పుడు మామయ్యను ఒక్క నిమిషం ఆగి చూడమనండి. కార్జంలో పాతుకుపోయి, తెల్లటి దళసరి గోడతో, నొక్కితే గట్టిగా బిగిసి ఉన్న బుడగ అయితే ఇదే. కత్తి దించకండి. లోపల నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, ముఖం మీదికి చిమ్ముతాయి. ఆ నీళ్ల అడుగున తెల్లని సన్న ఇసుకలాంటిది పేరుకుని ఉంటుంది. ఒక్కో రేణువు ఒక పురుగు తల, ఒక్కోటి కుక్క పేగులో ఒక పూర్తి పురుగవుతుంది. ఒక్క బుడగ మింగిన కుక్కకు వేల పురుగులు ఎలా వస్తాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ముసలి గొర్రెల్లోనే ఈ ఇసుక ఎక్కువ, ఎందుకంటే బుడగకు ముదరడానికి కావలసినంత కాలం దొరికింది. మన ఇళ్లలో పండక్కి కోసేది ఎక్కువగా ఈనడం మానేసిన ముసలిదాన్నే. అదీ చిక్కు.

ఇంకో రకం బుడగ ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడేవాళ్లూ ఎక్కువే. పేగుల మీది కొవ్వు పొరకు, కార్జం పైన పల్చటి సంచిలా వేలాడుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే నీళ్లలో ఒకే ఒక్క తెల్ల చుక్క. అది వేరే బద్దె పురుగుది, మనిషికి రాదు. కానీ అదీ కుక్క నుంచి వచ్చి కుక్కకే పోతుంది కాబట్టి దాన్నీ విసరకూడదు. ఇక కార్జం కోస్తే పైత్యపు గొట్టాల్లో ఆకులాగా చదునుగా కదిలేవి ఉంటే అవి కార్జపు జలగలు. వాటికి కుక్కతో పని లేదు, నత్తతో పని. వాటి గురించి కింద చెబుతాను.

గిరగిరా తిరిగిన గొర్రె సంగతి. చూడకుండా ఖాయంగా చెప్పలేను, లిస్టీరియా అనే సూక్ష్మజీవితో కూడా గొర్రెలు అలా తిరుగుతాయి. కానీ ఏడాది లోపు, ఏడాదిన్నర లోపు పిల్ల, వారాల తరబడి మెల్లగా ముదిరి, ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతూ, తల ఒక పక్కకు వంచుకుని, మందలోంచి విడిపోయి నిలబడేదంటే మెదడులో బుడగ ఉందని అనుమానించాలి. కొన్నిట్లో బుడగ ఉన్న చోట పుర్రె ఎముక పలచబడి బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఇది కూడా కుక్క పేగులో ఉండే మరో బద్దె పురుగు పిల్లే. గుడ్డు గడ్డి మీద దొరుకుతుంది, పిల్ల మెదడుకు చేరుతుంది, ఆ తలకాయ పచ్చిగా కుక్కకు దొరికితే మళ్లీ మొదలు. ముందుగా గుర్తిస్తే డాక్టరు పుర్రె తెరిచి బుడగ తీసేయగలడు. ఆ చచ్చిన గొర్రె తలకాయను ఏం చేశారో మీరు రాయలేదు. మన దగ్గర చచ్చిన జీవాన్ని పాతిపెట్టేవాళ్లు తక్కువ, చెలకలో పడేసేవాళ్లే ఎక్కువ కాబట్టి నేను ఊహించుకోగలను.

అంటే మీ పెరట్లో ఉన్న ఒకే కుక్క చుట్టూ మూడు రకాల పురుగులు తిరుగుతూ ఉండొచ్చు. అందుకే ఊరివాళ్లు వదిలేసి రమ్మంటున్నారు. వద్దమ్మా. ఊరవతల వదిలిన కుక్క చావదు, మాంసం కొట్ల దగ్గర చేరుతుంది. దానికి మందు వేసేవాడు ఉండడు, మీ మందకు ఇంకో కుక్క వస్తుంది, దానికీ అదే కార్జం పడుతుంది. మీ కుక్క మీ చేతిలో ఉండటమే మీకు మేలు.

దానికి వేయాల్సిన మందు ప్రాజిక్వాంటెల్. కుక్క బరువు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున మాత్ర, ముద్దలో పెట్టి మింగించొచ్చు. చౌకే. కానీ డోసు పశువుల డాక్టరుతో చూపించుకుని వేయండి, ఎందుకంటే మన పల్లెల్లో జరిగేది వేరు. మందకు తాగించిన నట్టల మందు సీసాలో మిగిలితే అదే కుక్క నోట్లో పోస్తారు. గొర్రెలకిచ్చే ఆ మందును ఈ పురుగు విషయంలో నమ్ముకోవద్దు. ఐవర్‌మెక్టిన్ సూది కూడా గజ్జికి, పిడుదులకు పనికొస్తుంది గానీ బద్దె పురుగును ఏమీ చేయదు. ఇంకో సంగతి, సర్కారు వాళ్లు ఏటా వచ్చి జీవాలకు తాగించే నట్టల మందు గొర్రె పేగులోని నట్టలకు మంచిదే, కానీ కార్జంలో కూర్చున్న బుడగను కదిలించదు. మందంతటికీ మందు తాగించాం కదా అని నిశ్చింతగా ఉండి, మంద వెంట నడిచే కుక్కను వదిలేయడం నేను ఎన్నో చోట్ల చూశాను.

బుడగ తిన్న కుక్క గుడ్లు వదలడం మొదలుపెట్టడానికి ఆరేడు వారాలు పడుతుంది. దసరాకు తిన్నదంటే కార్తీక పౌర్ణమి దాటిన వారానికి అటూఇటూగా. ఈ జవాబు అందేసరికి ఆ గడువు దాటకపోతే ఇవాళే మాత్ర వేయించండి. దాటినా వేయించండి. మందు పురుగును చంపుతుంది కానీ అప్పటికే తయారైన గుడ్లను చంపదు. అందుకే మాత్ర వేశాక రెండు రోజులు కుక్కను కట్టేసి ఉంచి, ఆ మలాన్ని ఎత్తి కాల్చండి, లేదా లోతుగా పాతండి. ఫినాయిల్ పోస్తే గుడ్లు చావవు. సలసల మరిగే నీళ్లు, మండే ఎండ వాటికి యముళ్లు, చల్లటి తడి నేలలో మాత్రం నెలల తరబడి బతుకుతాయి. ఆ తర్వాత ఆరు వారాలకోసారి మాత్ర వేయగలిగితే గుడ్డు బయటికి రాకముందే పురుగు పోతుంది. అంత కుదరకపోతే మూడు నెలలకోసారి తప్పనిసరి. కుక్క వెనక బియ్యపు గింజల్లా కదిలేవి కొన్నిసార్లు కనిపిస్తాయి, అవి బొచ్చులో గెంతే చిన్న పురుగుల (ఫ్లీ) వల్ల వచ్చే వేరే బద్దె పురుగు ముక్కలు. అవి లేవు కాబట్టి మా కుక్క శుభ్రం అనుకోవద్దు.

మందు కంటే ముఖ్యం గొయ్యి. యాటను కోసే చోటే కుక్క తవ్వలేనంత లోతు గొయ్యి, మూడు నాలుగు అడుగులు తీసి పెట్టుకుని, బుడగలున్న భాగం అందులో వేసి సున్నం చల్లి పైన రాళ్లు పేర్చాలి. కుక్కకు పెట్టాలనే మనసుంటే పెట్టండి, తప్పేం లేదు, కానీ అరగంట సేపు బాగా ఉడకబెట్టి పెట్టండి. కోసే రోజు ఉదయం నుంచే కుక్కను కట్టేయండి. ఇది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు కూడా. ఆదివారం మాంసం కొట్టు వెనక, మల్లన్న జాతరలో, రెండేళ్లకోసారి మేడారంలో ఎన్ని యాటలు తెగుతాయో మీకు తెలుసు. మేడారం చుట్టూ అడవి. నక్కలు, తోడేళ్లు కూడా ఈ పురుగును మోయగలవు. అక్కడ తెగిన యాటల వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయని అడిగే గొంతు చాలా తక్కువ. సంతకెళ్లే దారి బాగు చేయించమని సర్పంచిని అడిగినంత గట్టిగా, కోత దగ్గర గొయ్యి తవ్వించమని కూడా అడగొచ్చు.

ఐస్‌లాండ్ అనే చలిదేశంలో ఒకప్పుడు ఇది ఇంటింటి జబ్బు. మనలాగే గొర్రెలు, గొర్రెల వెంట కుక్కలు, ఇంటి ముందే కోత. 1860లలో డెన్మార్క్ నుంచి హరాల్డ్ క్రబ్బే అనే శాస్త్రవేత్త వెళ్లి చూసి, బుడగను కుక్కకు వేయకండి అని చెప్పే ఒక చిన్న పుస్తకం రాశాడు. 1864లో దాన్ని ఇంటింటికీ పంచారు. ఇప్పుడున్న మాత్ర అప్పటికి లేదు. చదివి, గొయ్యి తవ్వి, కుక్కను కట్టేసి, తర్వాత చట్టాలు చేసి ఆ దేశం ఈ జబ్బును వదిలించుకుంది. న్యూజిలాండ్ కూడా 2002లో తమ దగ్గర లేదని ప్రకటించుకుంది. వాళ్ల దగ్గరా గొర్రెలకు కొదవేమీ లేదు.

ఇదంతా చదివి అన్ని పురుగులూ కుక్క వల్లే అనుకుంటే మళ్లీ తప్పుదారే. ఒక్కోదానికి ఒక్కో దారి. కార్జపు జలగ గుడ్లు బర్రె పేడలో చెరువులోకి పోతాయి, అక్కడ నత్తలో కొన్నాళ్లు పెరిగి బయటికొచ్చి నీటి అంచు గడ్డికి, వరి మొదళ్లకు అతుక్కుంటాయి. పక్కపక్కన కట్టేసిన రెండు బర్రెల్లో ఒకటి ఇంకోదానికి ఇవ్వదు, ఇద్దరికీ చెరువు గట్టే ఇస్తుంది. దవడ కింద నీరు దిగిన బర్రెను చూస్తే దీన్నే ముందు అనుమానించాలి. రక్తంలో చేరే క్రిమి వల్ల పశువులకు వచ్చే సర్రా రోగాన్ని జోరీగ ఒక పశువు రక్తంతో తడిసిన మూతితో ఇంకో పశువును కుట్టి మోస్తుంది. అది మనుషులకు రాదని ఎన్నో ఏళ్లు అనుకున్నారు. 2004లో మన ఆసిఫాబాద్‌ను ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు రావడంతో ఆ మాట మారింది. ఆయన మందులతో కోలుకున్నాడు, సాధారణంగా మనిషి రక్తంలో ఆ క్రిమిని చంపే ఒక ప్రొటీన్ ఆయనలో పనిచేయడం లేదని తేలింది. పంది మాంసం తింటే మెదడులో పురుగు చేరుతుందనే మాట కూడా సగమే నిజం. ఉడకని పంది మాంసం తిన్నవాడి పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. మెదడులో బుడగలు కట్టేవి ఆ మనిషి మలంలోని గుడ్లు. అందుకే మాంసం ముట్టని వాళ్లకూ ఆ జబ్బు వస్తుంది.

పిల్లల విషయం. అందరూ ఒకే వాకిట్లో, ఒకే కుక్కతో ఉన్నారు కాబట్టి మీ ఇద్దరు పిల్లలకు, మీకు, ముఖ్యంగా మంద వెంట తిరిగే మామయ్యకు కడుపు స్కానింగ్ ఒకసారి చేయించడం మంచిదే. సూది నొప్పి లేదు, పెద్ద ఖర్చు కాదు. విడవని దగ్గు ఉన్నవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. స్కానింగ్‌లో ఏమీ లేకుండా ముందు జాగ్రత్తగా మాత్రలు మింగించకండి. కుక్క ముఖం నాకకుండా, దాన్ని ముట్టాక సబ్బుతో చేతులు కడిగేలా చూడండి. పెరట్లో ఆకుకూర మడి చుట్టూ కంపగానీ వలగానీ కట్టండి.

మీ ఆడపడుచుకు ఎలాంటి వైద్యం అన్నది బుడగ ఎంత ఉంది, ఎక్కడ ఉంది, ఏ దశలో ఉంది అన్నదాన్ని బట్టి డాక్టర్లు తేలుస్తారు. కొన్నిటికి నెలల తరబడి ఆల్బెండజోల్ మాత్రలు, మధ్యలో రక్తపరీక్షలు. కొన్నిటికి స్కానింగ్‌లో చూస్తూ సన్న సూదితో నీరు తీసి మందు ఎక్కించడం. కొన్నిటికి ఆపరేషన్. సున్నం పట్టి గట్టిపడిన బుడగను అలాగే వదిలి గమనిస్తూ ఉంటారు కూడా. కడుపుతో ఉంటే గానీ, ఆ ఆలోచనలో ఉంటే గానీ మాత్రలు మొదలుపెట్టకముందే చెప్పాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, నొప్పి ఉందని ఎవరితోనూ పొట్ట తోమించుకోవద్దు. బుడగ లోపల పగిలితే ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం, కళ్లు తిరగడం నిమిషాల్లో వస్తాయి. అలా జరిగితే ఊళ్లో ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

చివరిగా దుడ్డె. మూడు వారాల వయసు, మట్టి రంగు, భరించలేని కంపు అంటే ఎక్కువగా ఏలిక పాములే. ఇక్కడ దారి మరీ విచిత్రం. తల్లి బర్రె ఒంట్లో ఎప్పటి నుంచో నిద్రపోతున్న పిల్ల పురుగులు ఈనే సమయానికి లేచి పొదుగులోకి వస్తాయి, పాలతో పాటు దుడ్డెలోకి పోతాయి. మీరు విన్న సలహా అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. కానీ ఇప్పుడు పాలు మాన్పిస్తే లాభం లేదు. రావాల్సిన పురుగులు మొదటి రోజుల్లోనే వచ్చేశాయి, పాలు ఆపితే దుడ్డె నీరసంతో పోతుంది. పాలు తాగనివ్వండి. రేపు పొద్దున్నే పశువైద్యశాలకు పోయి, లేదా 1962కు ఫోన్ చేసి బండిని పిలిపించి పైపెరజిన్ లాంటి మందు బరువుకు తగ్గట్టు తాగించండి. మందు పడ్డాక జానెడు పొడవు తెల్లటి పాములు పేడలో పడతాయి, బెదిరిపోకండి. పారుడుకు ఒంట్లో నీరు తగ్గి ఉంటే సెలైన్ కూడా అవసరం పడొచ్చు, అది డాక్టరు చూస్తాడు. రెండో బర్రె కూడా చూలు కట్టి ఉంటే, అది ఈనిన పది పదిహేను రోజులకే, పారుడు మొదలవ్వకముందే దాని దుడ్డెకు ఈ మందు తాగించేయండి.